క్రోటన్ ఆకుకి పడ్డ చిల్లు

మా ఆయనకి మా వీధి పెట్టిన పేరు ‘కదలకండి’. ఇరవై మూడేళ్లుగా ఫోటో స్టూడియోలో నీలం తెర ముందు మనుషుల్ని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకి, భుజాలు కిందికి, ఇక కదలకండి అంటూ బతుకుతున్న మనిషి. పాస్‌పోర్టు ఫోటోలు, బడి ఫారాల ఫోటోలు, ఆఫీసు కార్డుల ఫోటోలు. ఈ నాలుగు వీధుల్లో ఆయన ముందు ఊపిరి బిగబట్టని మొహం లేదు. ఆయన కూరగాయలకి వెళ్తే చాలు, ఎవడో ఒకడు చేతిలో సంచితో సహా కొయ్యబారిపోయినట్టు నటించి, “కదలకండి గారొచ్చారు” అంటాడు. ఆయన నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది.

ఆ స్టూడియో వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చునేది నేను. ఆయన తీస్తారు, నేను దిద్దుతాను. మొటిమలు తీసేస్తాను, కళ్ల కింద నలుపు పలచన చేస్తాను, పైకి లేచిన జుట్టు అణుస్తాను. మాసిన చొక్కాతో వచ్చినవాళ్లకి కోటూ టైయీ తొడిగేది కూడా నేనే. పదకొండు రకాల కోట్లు కంప్యూటర్లో దాచుకున్నాను. మనిషిని చూడగానే ఏ కోటు ఏ భుజానికి అతుకుతుందో చెప్పెయ్యగలను. ఇది అబద్ధం, నాకొద్దు అని ఇంతవరకూ ఒక్కరూ వెనక్కి ఇవ్వలేదు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పని ఆ రోజు నాకు తప్పులా ఎందుకు తోచలేదో మీకు తెలియాలి.

మా ఆయనకి ఒకటే పిచ్చి, పురుగులు. గోరంత పురుగుని అరచేయంత బొమ్మగా తీస్తారు. సెలవు రోజున ఇంకా వెలుగు పూర్తిగా రాకముందే కెమెరా తీసుకుని నీళ్ల ట్యాంకు వెనక ఖాళీ స్థలానికి వెళ్లిపోతారు. ఎవరో ఇల్లు కడదామని ప్రహరీ లేపి వదిలేసిన చోటు అది. పిచ్చి మొక్కలు, ఊదా పూల తీగలు, విరిగిన ఇటుకల కుప్ప. ఆ వేళ చలికి పురుగులు బద్ధకంగా ఉంటాయట. తడి గడ్డిలో బోర్లా పడుకుని, మోచేతుల మీద ఆనుకుని, గంటన్నర అలాగే ఉండిపోతారు. ఊరందరినీ కదలకండి అనే మనిషి అక్కడ తనే కదలరు. రెండొందల ఫోటోల్లో ఒక్కటి కుదిరితే ఆ వారమంతా ఈల వేస్తూ తిరుగుతారు.

వానాకాలం వస్తే మా భోజనాల బల్లకి మూడుతుంది. అట్టపెట్టెని ఒక పక్క కోసి, పల్చటి తెల్లకాగితం అంటించి, రెండు వైపులా దీపాలు పెడతారు. వెనకాల ఆకుపచ్చ రంగు మసకమసకగా పూసిన అట్ట. నేను కలిపి పెట్టుకున్న పిండిలోంచి అడక్కుండా ఒక ఉండ తీసి, అందులో పుల్ల గుచ్చి నిలబెడతారు. ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసాతో మంచు కురిపిస్తారు. అగ్గిపెట్టెలో తెచ్చిన పురుగుని, పనయ్యాక ఏ తీగ మీద పట్టుకున్నారో మళ్లీ ఆ తీగ మీదే వదిలి వస్తారు, గొడుగు వేసుకుని మరీ.

“తినే బల్ల మీద ఇదేం సంతరా?” అని మా అత్తగారు ప్రతిసారీ అరుస్తారు. ఈయన చెవిన వేసుకోరు.

మొదట్లో పురుగు నిలకడగా ఉండాలని పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టేవారు. ఒకరోజు ఎవరో ఫోన్ చేసి మాటల్లో పెడితే ఆ పది నిమిషాలు గంటయ్యాయి. తీసి చూస్తే పాలగిన్నె పక్కన అగ్గిపెట్టెలో చుక్కల పురుగు కాళ్లు ముడుచుకుని పడి ఉంది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, నోటి వేడితో మెల్లగా ఊదుతూ కూర్చున్నారు. ఎంతసేపు ఊదారో. 

ఫ్రిజ్‌లో పెట్టడం ఆ రోజుతో ఆఖరు. చుక్కల పద్ధతి మొదలైంది కూడా ఆ రోజే. ప్రతి ప్రింటు వెనకా ఒక రంగు చుక్క అంటిస్తారు. బయట కనిపించింది కనిపించినట్టే తీస్తే ఆకుపచ్చ. బల్ల మీద అమర్చి తీస్తే పసుపు. “బల్ల ఫోటో తప్పేం కాదు. బల్ల ఫోటో అని చెప్పకపోతే తప్పు” అంటారు. ఇంటికొచ్చిన చుట్టం ఎవరైనా గోడ మీది ఫోటో చూసి మురిసిపోతే, ఆ మురిపెం కూడా పూర్తిగా తీరనివ్వరు. “అది పిండిముద్దలో గుచ్చిన పుల్లండీ” అని చెప్పేదాకా ఆయనకి ఊపిరాడదు.

“మరి మనం తొడిగే కోట్లకి ఏ చుక్క అంటిస్తారు?” అని ఒకసారి నిలదీశాను.

 “ఆ కోటు చూసి ఎవరూ ఏమీ నేర్చుకోరు. పురుగుని చూసి నేర్చుకుంటారు” అన్నారు.

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోనూ లేదు.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం ఆయనకి బంగారు పురుగు దొరికింది. మినప్పప్పు కంటే కొంచెం పెద్దది. వీపు మీద గాజు మూతలాంటి డిప్ప, దాని కింద నిగనిగలాడే బంగారు పూత. ఊదా పూల తీగ ఆకుల మీద ఉంటుంది. ఆకుపచ్చ మీద అది అంతగా ఎత్తి కనిపించడం లేదని, మా కిటికీలో ఉన్న క్రోటన్ కుండీ నుంచి ఎర్రటి ఆకు ఒకటి తుంచారు. ఆకు ముడుచుకుపోతుంటే గుండుసూదితో అట్టకి గుచ్చి, మడత పోయాక సూది తీసేశారు. పురుగు ఆ ఆకు మీద నాలుగడుగులు వేసి, అంచున ఆగి, మీసాలు పైకెత్తింది.

ఆ ఫోటో చూసి నేను నోరు వెళ్లబెట్టాను. ఎర్రటి ఆకు మీద బంగారం. ఒక్కటే లోపం, సూది గుచ్చిన చోట గుండ్రటి చిల్లు. చూడగానే సూది చిల్లని తెలిసిపోతోంది. నా చెయ్యి ఊరుకుంటుందా? దాన్ని కాస్త పెద్దది చేసి, అంచులు కొరికినట్టు గరుకుగా దిద్దాను. “బాగా కలిపేశావే” అన్నారు ఆయన, ప్రింటు వెనక పసుపు చుక్క అంటించి అలమారలో పెట్టేశారు.

ఇక పోటీ సంగతి. ఏటా ఒక ప్రకృతి సంఘం ఫోటోల పోటీ పెడుతుంది. సహజంగా తీసినవి ఒక వరస, అమర్చి తీసినవి ఒక వరస. అందరి కళ్లూ మొదటి వరస మీదే. మా ఆయన నాలుగేళ్లు ఆకుపచ్చ చుక్క ఫోటోలే పంపారు, నాలుగేళ్లూ ‘పాల్గొన్నందుకు ధన్యవాదాలు’ అని ఉత్తరం వచ్చింది.  ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంటారు, ఈల మాత్రం ఆగిపోతుంది. ఆ ఈల ఆగిపోవడం నాలుగుసార్లు చూశాను. ఐదోసారి చూడటం నా వల్ల కాలేదు.

ఈసారి ఆయన తను బయట తీసిన గొంగళి పురుగు ఫోటో పంపమన్నారు. నేను బంగారు పురుగుని పంపాను. ‘చిత్రం సహజ పరిసరాల్లో, ఏ అమరికా లేకుండా తీసినదేనా?’ అన్న గడిలో టిక్కు పెట్టాను. కాగితం ముందు పెడితే ఆయన చదవకుండా సంతకం చేశారు. పెళ్లయినప్పటి నుంచీ నేను పెట్టిన ఏ కాగితమూ ఆయన చదవలేదు. ఇది కూడా ఒక కోటే కదా అనుకున్నాను.

రెండు నెలల తర్వాత, ఒక సోమవారం, స్టూడియోకి ఫోన్ వచ్చింది. ముందు గదిలో ఆయన ఏడుస్తున్న చంటిపాపని నీలం తెర వైపు తిప్పడానికి గిలక్కాయ ఆడిస్తున్నారు. ఫోన్ నేనే ఎత్తాను. అవతల ఒకావిడ. పురుగుల మీద పరిశోధన చేస్తారట, పోటీ న్యాయనిర్ణేతల్లో ఒకరట.

“మీవారి ఫోటోకి మొదటి బహుమతి అనుకున్నామండీ. ఇంకా ప్రకటించలేదు” అన్నారు.

నేను కేక వేయబోయాను. ఆవిడ ఆగలేదు.

“నేను ఫోన్ చేసింది మాత్రం వేరే సంగతికి. ఈ పురుగు ఆ తీగ జాతి ఆకులు తప్ప ఇంకేవీ తినదనే ఇన్నాళ్లూ అనుకున్నాం. మీ ఫోటోలో అది క్రోటన్ తింటోంది! ఆ చిల్లు అంచు ఎంతో పెద్దది చేసి చూశానండీ, కొరికిన గుర్తులు అంత స్పష్టంగా ఉన్నాయి. మా పుస్తకంలో ఆ పురుగు పేజీ మొత్తం తిరగరాశాను. మీవారి పేరుతోనే వేస్తున్నాం. శుక్రవారం అచ్చుకెళ్తుంది. ఈలోపు ఆ చోటు ఒక్కసారి నా కళ్లతో చూడాలి. గురువారం పొద్దున్నే వస్తాను, చూపిస్తారుగా?”

“అలాగేనండీ” అన్నాను. అంతకంటే తెలివైన మాట నోటికి రాలేదు. 

“ఎవరు?” అన్నారు ఆయన గిలక్కాయ పట్టుకుని.

“రాంగ్ నంబరు” అన్నాను.

ఆ రెండు రోజులూ నేను పడ్డ అవస్థ పగవాళ్లకి కూడా వద్దు.  ఒక పెద్దాయనకి రెండు టైలు తొడిగి ప్రింటు తీసేశాను, ఆయన కౌంటరు దగ్గర మెడ తడుముకున్నాడు. “కంచంలో కెలకడమే గానీ ముద్ద ఎత్తవేంటే? ఒంట్లో బాగాలేదా?” అని అత్తగారు నా నుదురు పట్టుకుని చూశారు. చెప్పేస్తే పోతుందని ఎన్నిసార్లు ఆయన ముందు నిలబడ్డానో. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, “ఏంటి?” అనేవారు. “ఉప్పు అయిపోయింది” అనేదాన్ని. ఇంట్లోకి మూడు ఉప్పు పొట్లాలు వచ్చిపడ్డాయి.

ఆయన కోప్పడతారని కాదు నా భయం. కోపం మా ఇంట్లో నాకు ఒక్కదానికే ఉంది. ఆ రోజు చుక్కల పురుగుని అరచేతిలో పెట్టుకుని ఊదిన మొహం ఉందే, ఆ మొహంతో నన్ను చూస్తారని భయం. ఫారం మీద సంతకం ఆయనది. బయటపడితే అబద్ధాలకోరు అనిపించుకునేది ఆయనే. బయటపడకపోతే నేను దిద్దిన చిల్లు పుస్తకంలోకి ఎక్కి కూర్చుంటుంది, ఆయన పేరు కింద, ఎవరెవరో చదివి నేర్చుకోవడానికి.

బుధవారం తెల్లవారుతుండగా నాకొక మహా గొప్ప ఆలోచన వచ్చింది. క్రోటన్ మొక్కని ఖాళీ స్థలంలో నాటేస్తే? నాలుగు పురుగుల్ని దాని మీద పెడితే? ఆవిడకి చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది కదా. ఇప్పుడు తలుచుకుంటే నా తల నేనే గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. ఆ పూట మాత్రం కాళ్లకి రెక్కలొచ్చినట్టు లేచాను. కుండీ, పాత గరిటె, ఇస్త్రీ నీళ్ల సీసా సంచిలో వేసుకుని, ఆయన నిద్ర లేవకముందే బయటపడ్డాను.

గరిటెతో గొయ్యి తవ్వి మొక్కని పాతాను. పాతినట్టు కనపడకూడదని ఎండుటాకులు చల్లాను. నీళ్లు చిలకరించాను. తీగ దగ్గరికి వెళ్లి వెతికితే ఐదు బంగారు పురుగులు దొరికాయి. ఒక్కొక్కదాన్నే తెచ్చి క్రోటన్ ఆకు మీద పెట్టాను. ఒకటి కాడ పట్టుకుని దిగిపోయింది. రెండు ఎగిరిపోయాయి. ఒకటి ఆకు కిందికి వెళ్లి దాక్కుంది. మిగిలిన దాన్ని వేలి మీదికి తీసుకున్నాను. భయపడితే వీటి బంగారం మాసిపోతుందని ఆయన ఎప్పుడో చెప్పారు, నేనే పట్టించుకోలేదు. నా వేలి మీద చూస్తుండగానే అది ఇటుకపొడి రంగులోకి తిరిగింది. నాకు ఏడుపొచ్చేసింది.

“కదలకు! నీకు దణ్ణం పెడతాను, ఒక్క నిమిషం కదలకు” అన్నాను దాంతో.

ఇటుకల కుప్ప పక్కన గడ్డిలోంచి క్లిక్ మని చప్పుడైంది.

మా ఆయన. బోర్లా పడుకుని, మోచేతుల మీద, కెమెరాతో.

“కిటికీలో కుండీ లేదు, కొక్కేనికి నీళ్ల సీసా లేదు. ఎవరో ఫోటో తీస్తున్నారనుకున్నాను” అన్నారు లేస్తూ. “ఏం చేస్తున్నావు ఇక్కడ?”

అన్నీ చెప్పేశాను. టిక్కు, సంతకం, ఫోన్, చిల్లు, పుస్తకం, రేపు రాబోయే ఆవిడ. వరస కూడా సరిగ్గా లేదు.  అంతా విని ఆయన అడిగింది ఒకటే.

“గొంగళి పురుగుని పంపలేదా?”

“లేదు.”

“బాగాలేదా అది?”

ఏ మొహానికి భయపడ్డానో ఆ మొహమే. తల కొట్టేసినట్టయింది నాకు. “బాగుందండీ. చాలా బాగుంది. మళ్లీ తిరిగొస్తే మీరు ఈల...” అని ఆగిపోయాను. 

ఆయన వంగి క్రోటన్ మొక్కని వేళ్లతో సహా తీసి కుండీలో పెట్టారు. “ఇది ఇక్కడ ఎండిపోతుంది” అన్నారు. నా వేలి మీది పురుగుని తన వేలి మీదికి ఎక్కించుకుని తీగ మీద వదిలారు. ఇంటికి రాగానే ఆవిడ నంబరు అడిగారు.

ఆ రోజంతా ఆవిడకి ఫోన్ చేస్తూనే ఉన్నాం. మోగుతుంది, ఎత్తరు. ఆయన ఒక పాస్‌పోర్టు ఫోటో తీయడం, లోపలికి వచ్చి నంబరు నొక్కడం, మళ్లీ బయటికి వెళ్లడం. సాయంత్రానికి అది మోగడం కూడా మానేసింది.

గురువారం పొద్దున్నే ఆవిడ నేరుగా ఇంటికి వచ్చారు. పొట్టి నెరిసిన జుట్టు, బురద బూట్లు, మెడలో తాడుకి భూతద్దం. రెండు రోజులు అడవిలో ఉన్నారట, ఫోన్‌లో చార్జింగ్ లేదట. “పదండి, ఎండెక్కకముందే చూసేద్దాం” అన్నారు కూర్చోకుండానే. ఆ మొహంలో సంబరం చూసి నేను తల దించేసుకున్నాను.

“అంత దూరం అక్కర్లేదండీ. చోటు ఇదే” అని మా ఆయన భోజనాల బల్ల చూపించారు.

అట్టపెట్టె, దీపాలు, ఆకుపచ్చ అట్ట, పిండిముద్ద, క్రోటన్ ఆకు, గుండుసూది. అన్నీ తెల్లవారకముందే అమర్చి పెట్టారు. “పురుగుని తేలేదండీ. దాన్ని మళ్లీ ఇబ్బంది పెట్టడం దేనికని” అన్నారు.

ఆవిడకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. సంబరం మెల్లమెల్లగా దిగిపోయింది. వంగి, సూది గుచ్చిన ఆకుని భూతద్దంతో చూశారు.

“ఫారం మీద సంతకం మీదేనా?”

“నాదేనండీ.”

“సూది చిల్లు ఇలా ఉంటుంది. ఫోటోలో ఉన్నది ఇది కాదు. ముప్పై ఏళ్లుగా పురుగులు కొరికిన ఆకులే చూస్తున్నాను నేను. ఆ చిల్లు ఎవరిది?”

మా ఆయన నోరు తెరిచారు. ఏం చెప్పబోతున్నారో నాకు తెలుసు. తనదే అంటారు. ఆ ఒక్క అబద్ధం నాకోసం ఆడేస్తారు, ఆ తర్వాత దానికి ఏ చుక్క అంటించాలో తెలియక జీవితమంతా కూర్చుంటారు.

“నాదండీ” అన్నాను. “చిల్లు నేనే దిద్దాను. టిక్కు కూడా నేనే పెట్టాను. ఆయన చదవకుండా సంతకం చేశారు. ఈ ఫోటో పోటీకి వెళ్లిందనే నిన్నటిదాకా ఆయనకి తెలియదు.”

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గోడ గడియారం చూసి, అచ్చువాళ్ల నంబరు అందులోనే ఉందంటూ ఫోన్ చార్జింగ్‌కి పెట్టమని తొందరపెట్టారు. “వీలైతే ఒకరోజు ముందే పట్టుకెళ్తామన్నారు. ఈ పాటికి మొదలుపెట్టారేమో!” అన్నారు. ఫోన్ వెలగడానికి పట్టిన ఆ రెండు నిమిషాలు మేం నలుగురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. సంగతేంటో సరిగ్గా తెలియని మా అత్తగారు కూడా వంటింటి గుమ్మంలో చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మొదటిసారి ఎంగేజ్. రెండోసారి ఎంగేజ్. మూడోసారి ఎవరో ఎత్తారు.

“ఆ పురుగు పేజీ ఆపండి. అవును, అదే. మిషను ఎక్కిందా? ఎక్కలేదుగా? పాత పేజీయే ఉంచండి.” కాసేపు విని, “కాదు, వాళ్లది కాదు. చూడకుండా రాసింది నేను. తప్పు నాది” అన్నారు.

ఆ మాటకి నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

బహుమతి ఉండదనీ, మూడేళ్లు ఈ పేరు మీద పోటీకి ఏదీ తీసుకోరనీ ఆవిడ చెప్పారు. నియమాలు అలాగే ఉన్నాయట, సంతకం చేసినవాళ్లకే శిక్ష. ఆయన తలూపారు. ఆవిడ మంచినీళ్లు తాగి, గుమ్మం దాకా వెళ్లి, నా వైపు తిరిగారు. “చిల్లు మాత్రం అచ్చం పురుగు కొరికినట్టే ఉందమ్మా” అన్నారు. అది మెప్పో తిట్టో ఇప్పటికీ తెలియదు.

ఫలితాల కాగితంలో కింద చిన్న అక్షరాల్లో ఆయన పేరు పడింది, ‘అమర్చిన చిత్రాన్ని సహజమని పంపినందుకు తొలగించడమైనది’ అని. ఆయన ఆ ముక్క కత్తిరించి, బంగారు పురుగు ప్రింటు వెనక పసుపు చుక్క పక్కనే అంటించుకున్నారు. నెల దాటింది, ఇంట్లో ఈల వినపడలేదు. ఇప్పుడు నేను ఏ కాగితం ముందు పెట్టినా కళ్లద్దాలు సర్దుకుని మొత్తం చదువుతారు. కరెంటు బిల్లు కూడా. ఆయన చదువుతున్నంతసేపూ నేను పక్కనే నిలబడతాను.

మొన్న ఒక ప్రింటు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. గడ్డిలో మోకాళ్ల మీద నేను. రేగిన జుట్టు, కళ్ల కింద నలుపు, చెంప మీద మట్టి, పక్కన పాతిన క్రోటన్, వేలి మీద రంగు పోయిన పురుగు. ఇంత భయపడ్డ మొహాన్ని నా కంప్యూటర్లో ఎప్పుడూ చూడలేదు. నా చెయ్యి దానంతటదే మౌస్ మీదికి వెళ్లింది.

“దీనికి ఏ చుక్క అంటించాలో తేలడం లేదు” అన్నారు ఆయన, రెండు చుక్కల కాగితాలూ చేతిలో పట్టుకుని. “మొక్కని నువ్వు పెట్టావు, పురుగునీ నువ్వే పెట్టావు. నిన్ను మాత్రం ఎవరూ పెట్టలేదు.”

ఆయన వేలు ఆకుపచ్చ కాగితం మీద ఉంది. అది నాకోసమేనని తెలుస్తూనే ఉంది.

“పసుపే” అన్నాను. ఆయన చేతిలోంచి ఒక పసుపు చుక్క తీసుకుని, ప్రింటు తిరగేసి నేనే అంటించాను. ముందు వైపు మొహాన్ని మాత్రం దిద్దలేదు.